పచ్చిది తీసుకుంటాం, వండినది తీసుకోం

మొన్న ఆగస్టులో విశాఖలో మా వీధి చివరున్న థాయ్ రెస్టారెంటుకి అయిదుగురం వెళ్ళాం. అందరం ఆడవాళ్ళమే. అందరం ఏదో ఒక కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్ళమే. మాలో ఒకరికి పీహెచ్‌డీ వచ్చిన సందర్భం. రెడ్ కర్రీ తెప్పించుకున్నాం. కొబ్బరిపాలు, ఎండుమిరపకాయల ముద్ద, నిమ్మగడ్డి వాసన, అందులో సన్నగా పొడుగ్గా తరిగిన తెల్లటి ముక్కలు. ప్లేటు 460 రూపాయలు. నా పక్కనున్న స్నేహితురాలు ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "ఎంత బావుందో, ఏమిటివి?" అని అడిగింది. "బాంబూ షూట్స్ మేడమ్. ఇక్కడ దొరకవు, డబ్బాల్లో వస్తాయి" అన్నాడు వడ్డించే కుర్రాడు కాస్త గర్వంగా.

ఇక్కడ దొరకవట! నర్సీపట్నం మీదుగా కొయ్యూరు వెళ్తే వానాకాలమంతా దొరికేవి అవే. వెదురు కొమ్ములంటారు, కొన్నిచోట్ల వెదురు కంజి అంటారు. నేను పదకొండేళ్ళు వచ్చేదాకా కొయ్యూరులో పెరిగాను. మా నాన్న అక్కడి ఆశ్రమ పాఠశాలలో టీచరు. కళ్ళముందే వెదురు పొదలు, కళ్ళముందే కొమ్ములు ఎండబెట్టిన చాపలు. అయినా వెదురు కొమ్ముల కూర నేను మొదటిసారి తిన్నది ముప్ఫై ఏడో ఏట, ఈ రెస్టారెంటులో, డబ్బాలోంచి తీసింది. ఎందుకని? ఆ రాత్రి ఇంటికొచ్చాక నిద్రపట్టనివ్వని ప్రశ్న అది. జవాబు నాకు తెలుసు కాబట్టే నిద్ర పట్టలేదు.

మా ఇంట్లో పనిచేయడానికి వచ్చే ఆవిణ్ణి మేము అప్ప అని పిలిచేవాళ్ళం. కొండదొర ఆవిడ. అంట్లు తోమేది, నీళ్ళు మోసేది, నన్నూ తమ్ముణ్ణీ స్కూల్లో దింపేది. ఒక వానాకాలం చిన్న సత్తుగిన్నెలో కూర పట్టుకొచ్చింది. "మేష్టారమ్మా, కొత్త కొమ్ములు. మూడు నీళ్ళు వొంపేసినాను, చేదుండదు. పిల్లలకి పెట్టండి" అంది. అమ్మ నవ్వుతూ తీసుకుంది. అప్ప గుమ్మం దాటగానే పెరట్లో పెంట మీద బోర్లించింది. గిన్నె చింతపండేసి తోమింది. ఒట్టి గిన్నె ఇవ్వకూడదని అందులో గుప్పెడు పంచదార పోసి మర్నాడు తిరిగిచ్చింది. "చాలా బావుందే" అని కూడా అంది. అలా రెండు మూడుసార్లు జరిగింది. ఒకరోజు పెంట ఊడుస్తూ అప్ప ఆ కూర చూసింది. నేను అక్కడే ఉన్నాను. ఆవిడేమీ అనలేదు. దాని మీద కాస్త మట్టి కప్పి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా ఇంటికి పనసకాయలు తెచ్చింది, పసుపు కొమ్ములు తెచ్చింది, చింతపండు, తేనె తెచ్చింది. అమ్మ అన్నీ సంతోషంగా తీసుకునేది. వండినది మాత్రం అప్ప మళ్ళీ ఎప్పుడూ తేలేదు.

మా అమ్మని దోషిగా నిలబెట్టడానికి ఇది రాయటంలేదు. ఆవిడ తనకి పుట్టింట్లో నేర్పిన సూత్రం పాటించింది: పచ్చిది ఎవరి చేతినుంచైనా తీసుకోవచ్చు, వండినది తీసుకోకూడదు. పచ్చిదానికి మైల లేదు, దాన్ని మన పొయ్యి శుద్ధి చేస్తుంది. వండినదానిలో వండిన మనిషి ఉంటుంది. ఈ సూత్రం మా అమ్మతో పోయిందనుకుంటే పొరపాటు. మైదానానికీ మన్యానికీ మధ్య వందేళ్ళకు పైగా నడుస్తున్న వ్యవహారమంతా దీని మీదే నడుస్తోంది. చదువుకున్న స్త్రీవాదులమైన మనం కూడా ఇదే పాటిస్తున్నాం. కాకపోతే పెంట మీద బోర్లించం, కాస్త మర్యాదగా చేస్తాం.

కొయ్యూరు పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది 1924 మే 7. అల్లూరి సీతారామరాజుని కాల్చిచంపిన చోటు. ఆ పోరాటం దేనికోసం వచ్చిందో మనం పిల్లలకి ‘స్వాతంత్ర్యం’ అని ఒక్క మాటలో చెప్పేస్తాం. వచ్చింది తిండి దగ్గర. 1882 మద్రాసు అటవీ చట్టం పోడుని నేరం చేసింది. పోడంటే సామలు, కొర్రలు, చోళ్ళు, కందులు. అంతకు ముందు 1879 రంప తిరుగుబాటుకి పెద్ద కారణాల్లో ఒకటి కల్లు. జీలుగు చెట్టు తమది, గీసే చేయి తమది, తాగేది తమవాళ్ళు. దాని మీద చిగురుపన్ను వేశారు. తన చెట్టు కల్లు తాను తాగితే నేరమైంది. 1922 నాటికి గూడెం ప్రాంతంలో రోడ్డు పనికి మనుషుల్ని లాక్కెళ్ళి సరైన కూలివ్వకపోవడం కూడా తోడైంది. వెదురు, కలప, చింతపండు, మనిషి ఒంట్లో సత్తువ అన్నీ కొండ దిగి రావచ్చు. ఆ కొండమీద మనిషి తనకోసం పండించుకుని వండుకునేది మాత్రం చట్టవిరుద్ధం. పచ్చిది తీసుకుంటాం, వండినది ఒప్పుకోం.

మరి కొండసరుకు ఇవాళ అంతర్జాతీయ స్థాయికి వెళ్ళింది కదా అనొచ్చు. వెళ్ళింది. అరకు కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రైతులకి మంచి ధర వస్తే నాకు సంతోషమే. కానీ గమనించండి, పారిస్ దాకా వెళ్ళింది గింజ. ఆ గింజలు ఏరిన బగత, కొండదొర ఆడవాళ్ళ పొయ్యి మీద ఉడికేది ఏదీ కొండ దిగలేదు.

‘దిగింది కదా, బొంగు చికెన్’ అంటారని తెలుసు. నిజమే, అరకు నుంచి మారేడుమిల్లి దాకా రోడ్డు పొడవునా అదే. కానీ దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. పచ్చి వెదురు బొంగులో మాంసం కూరి, ఆకులతో మూతి మూసి నిప్పుల మీద తిప్పుతారు. గిన్నె ఉండదు, గరిట ఉండదు, వంటిల్లు ఉండదు. అడవిలో ఏ పాత్రా లేకుండా వండుకునే పద్ధతి. నేను చూసిన దుకాణాల్లో వండి అమ్మేది ఎక్కువగా మగవాళ్ళే. మన్యం ఆడవాళ్ళు సంవత్సరం పొడవునా ఇంట్లో వండే చోడి అంబలి, సామన్నం, దుంపలు, ఆకుకూరలు, కొమ్ముల కూర వీటన్నిటినీ వదిలి, ఆడదాని కుండ అవసరం లేని ఒకే ఒక్క వంటని ఎంచుకుని దానికి ‘గిరిజన వంటకం’ అని పేరు పెట్టాం. అది తినేది కూడా రోడ్డుపక్కన, కాగితం ప్లేటులో, కారు తలుపు తీసి పెట్టుకుని. ఎవరి గుమ్మమూ దాటక్కర్లేదు, ఎవరి చాప మీదా కూర్చోనక్కర్లేదు. మా అమ్మ సూత్రానికి ఎక్కడా భంగం రాకుండా జరుగుతోందన్నమాట ఈ సాంస్కృతిక సమ్మేళనం.

మళ్ళీ థాయ్ రెస్టారెంటుకొద్దాం. ఆ వంటకి మా బల్ల మీద అంత గౌరవం ఎలా వచ్చింది? అది రుచివల్ల మాత్రమే రాలేదు. దాని వెనక ఒక రాజ్యం ఉంది. సయాం 1939లో థాయ్‌లాండ్‌గా పేరు మార్చుకున్న కాలంలోనే అక్కడి ప్రభుత్వం పాడ్ థాయ్ అనే నూడుల్స్ వంటకాన్ని జాతీయ వంటకంగా ప్రచారం చేసింది. 2002లో ‘గ్లోబల్ థాయ్’ అనే పథకం పెట్టి ప్రపంచమంతా థాయ్ రెస్టారెంట్లు పెరిగేలా ప్రోత్సహించింది. మన వీధి చివర దొరికే ఆ గిన్నెడు కూర వెనక ఇంత ప్రణాళిక ఉంది. నేను దాన్ని తప్పు పట్టడంలేదు. ఒక వంట ‘క్యుజీన్’ కావాలంటే దానికి ఒక జెండా, ఒక బ్యాంకు, ఒక ఎంబసీ కావాలని మాత్రం చెప్తున్నాను. అప్ప సత్తుగిన్నెకి అవేవీ లేవు.

థాయ్‌లాండ్‌లో కూడా ఒక మన్యం ఉంది. దాని పేరు ఈసాన్. ఈశాన్యాన ఉన్న పేద ప్రాంతం, లావో మాట్లాడే జనం. వెదురు కొమ్ములు, జిగురు బియ్యం, పులియబెట్టిన చేప వాళ్ళ తిండి. ఆ చేప కంపు కొడుతుందని బాంకాక్ పెద్దవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. పొట్ట చేత్తో పట్టుకుని నగరానికి వచ్చిన ఈసాన్ ఆడవాళ్ళు ఫుట్‌పాత్‌ల మీద రోట్లో పచ్చిబొప్పాయి దంచి ‘సోమ్ తమ్’ అమ్మారు. ముందు కూలివాళ్ళు తిన్నారు, తర్వాత గుమాస్తాలు తిన్నారు, ఆ తర్వాత అది దేశం గర్వించే వంటకమై విమానమెక్కింది. మా బల్ల మీద ఉన్న మెనూలో అది ‘థాయ్ సలాడ్’. ఈసాన్ అన్న మాట లేదు. బండి తోసిన ఆడమనిషి అసలే లేదు. అంటే మనం బాంకాక్ చేతినుంచి తీసుకున్నాం, ఈసాన్ చేతినుంచి కాదు. ఆ అయిదుగురిలో ఒక్కరం కూడా కొయ్యూరు చేతినుంచి తీసుకోలేదు.

ఇక్కడ నా స్నేహితురాళ్ళతో నాకున్న అసలు పేచీ చెప్పాలి. ఆ మధ్య ఒక సెమినార్‌లో స్త్రీలు, ఆహారం అన్న అంశం మీద మాట్లాడుతూ ఒక ప్రొఫెసరుగారు, ఆడది ఒంటరిగా రెస్టారెంటుకెళ్ళి, కుర్చీలో కూర్చుని, తనకిష్టమైంది తెప్పించుకు తినడమే పెద్ద ధిక్కారం అన్నారు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. అందులో నిజం లేకపోలేదు. మన ఊళ్ళలో హోటలంటే మగవాడి జాగా. ఆడవాళ్ళకి కర్టెన్ వేసిన ‘ఫ్యామిలీ రూమ్’. ఆఖరున, చల్లారింది, మిగిలింది తినే మన తల్లులకి వేడివేడిగా ఎవరో తెచ్చి పెట్టడం అనేది ఊహకందని భోగం. విమల ‘వంటిల్లు’ కవిత, సత్యవతిగారి ‘ఇల్లలకగానే’ కథ చదివి పెరిగినవాళ్ళం మనం. వంటింట్లోంచి బయటపడటం విముక్తి అని మనకి ఒకరు చెప్పనక్కర్లేదు.

కానీ మనం వంటింట్లోంచి బయటపడితే ఆ వంటింట్లో ఎవరుంటారు? 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చింది. అప్పటికే దళిత స్త్రీలు మనని నిలదీశారు, మీరు పారిపోదామనుకుంటున్న వంటింట్లో అంట్లు తోముతున్నది మేమే కదా అని. ఆ ప్రశ్నకి మనం ఇచ్చిన జవాబు రెస్టారెంటు! అక్కడ అంట్లు తోమే మనిషి గోడ అవతల ఉంటుంది, కనపడదు. కొయ్యూరులో సంత రోజు బస్టాండు దగ్గర హోటలు చూడండి. లోపల బల్లల దగ్గర మగవాళ్ళు పూరీలు తింటుంటారు, అందులో కొండవాళ్ళూ ఉంటారు, మైదానంవాళ్ళూ ఉంటారు. బయట చెట్టుకింద ఆడవాళ్ళు నేలమీద కూర్చుని ఆనపబుర్రలో తెచ్చుకున్న అంబలి పంచుకుంటుంటారు. నెత్తిన మోసుకొచ్చిన గంప అమ్ముడయితే ఆ డబ్బు ఉప్పుకీ నూనెకీ సరిపోవాలి. వాళ్ళకి రెస్టారెంటు ధిక్కారం గురించి ఏం చెప్తాం? వాళ్ళ గంప లేకపోతే ఆ లోపలి హోటల్లో కూర లేదు. పచ్చిది లోపలికి వెళ్ళింది, వండే చేతులు బయట కూర్చున్నాయి.

ఆ చేతుల్లో ఏముందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మనం దాన్ని జ్ఞానమని ఎప్పుడూ అనలేదు. వెదురు కొమ్ములో సైనైడ్‌ని పుట్టించే పదార్థం ఉంటుంది. నేలలోంచి మొలిచిన ఎన్నాళ్ళకి కోయాలి, పొరలు ఎంతవరకు ఒలవాలి, ఎంత సన్నగా తరగాలి, ఎంతసేపు నానబెట్టాలి, ఎన్ని నీళ్ళు పారబోయాలి ఇవన్నీ తెలియకపోతే కూర కాదు, విషం. అప్ప అన్న ‘మూడు నీళ్ళు’ అదే. చేదు దుంపలకీ అంతే. మామిడి టెంకలకీ అంతే. ఈ తూర్పు కనుమల్లోనే, ఒడిశావైపు, 2001లో కాశీపూర్‌లో టెంక అంబలి తాగి మనుషులు చనిపోయారు. 2024లో కంధమాల్ జిల్లాలో మళ్ళీ చనిపోయారు, ఈసారి ఆడవాళ్ళు. తెలియక తిన్నారని చాలామంది తేల్చేశారు. వాళ్ళకి తెలుసు. తరతరాలుగా తెలుసు. పాడైన పిండి పారబోయాలనీ తెలుసు. ఇంట్లో బియ్యం లేనప్పుడు పారబోయడానికి చెయ్యి రాదు, అంతే. ఆకలి ఆ జ్ఞానాన్ని ఓడించింది. దాన్ని మనం అజ్ఞానమన్నాం. అదే జ్ఞానం డబ్బాలోకెక్కి మన బల్ల మీదికొస్తే రుచి అంటాం. రెండు మాటల్లోనూ దాన్ని కనిపెట్టిన ఆడమనిషి లేదు.

సహపంక్తి భోజనాల గురించి మనకి గొప్ప వారసత్వం ఉందని మురిసిపోతాం. గురజాడ ‘ముత్యాల సరాలు’ పాఠం చెప్పేటప్పుడు 1910 నాటి బరంపురం విందు గురించి నేనూ క్లాసులో ఉత్సాహంగా చెప్తాను. పంక్తిలో ఎవరెవరు కూర్చున్నారో చెప్తాను. ఇన్నేళ్ళలో ఒక్క విద్యార్థినీ, ఒక్కసారి నేనూ, ఆ పూట వంటింట్లో ఎవరున్నారు అని అడగలేదు. ఎవరి పక్కన కూర్చుంటున్నాం అన్నది సగం ప్రశ్నే. ఎవరు వండింది తింటున్నాం, ఎవరింటికి అతిథిగా వెళ్తున్నాం అన్నది మిగతా సగం. రెస్టారెంటు ఆ రెండో సగాన్ని బిల్లుతో తీర్చేస్తుంది. డబ్బు కట్టాక అతిథిగా ఉండాల్సిన పనిలేదు. ఒకరి చేతి కిందకి మన చెయ్యి చాపాల్సిన పనిలేదు. రెస్టారెంటులో పరాయి వంట తిని మన మనసులు విశాలమయ్యాయని అనుకోవడం అందుకే నాకు మింగుడుపడదు. విశాలమైంది మెనూ మాత్రమే.

ఇంతవరకూ రాసి, ఇక్కడ ఆపేస్తే నేనూ అమ్మ చేసిన పనే చేసినట్టు. ఎందుకంటే నా పీహెచ్‌డీ మన్యం స్త్రీల పాటల మీద. మూడేళ్ళు ఊళ్ళు తిరిగి పాటలు ‘సేకరించాను’. ఈ మాట చూడండి, సేకరణ! అటవీ ఉత్పత్తులకీ అదే మాట, పాటలకీ అదే మాట. ఒక ఊళ్ళో ఒక ముసలామె నాట్ల పాట పాడింది. నేను రికార్డు చేసుకున్నాను, తెలియని మాటలకి అర్థాలు అడిగి రాసుకున్నాను. లేవబోతుంటే ఆమె అంది: "మాటలకి అర్థాలడిగినావు. పాటెందుకు కట్టినామో అడగవా?" మొహమాటానికి కూర్చున్నాను. ఆ పాట సవతి గురించి కాదనీ, సవతి పేరు పెట్టి అప్పిచ్చిన షావుకారుని తిడుతున్నామనీ, ఆడవాళ్ళు తిట్టుకుంటున్నారనుకుని అతను నవ్వుకుంటూ పోయేవాడనీ అరగంట సేపు విడమరిచి చెప్పింది. అది పాట కాదు, పాట మీద విమర్శ. నేను సిద్ధాంత గ్రంథంలో పాటని అధ్యాయంలో పెట్టాను. ఆమె విమర్శని అధోజ్ఞాపికలో రెండు లైన్లు చేశాను. అధ్యాయంలో విశ్లేషణ నాది, ఫ్రెంచి, అమెరికన్ సిద్ధాంతకర్తలది. లెవీ-స్ట్రాస్ 1964లో పచ్చిదీ వండినదీ అని పుస్తకానికే పేరు పెట్టాడని కూడా ఉటంకించాను. ఉటంకిస్తూనే ఆమె వండి ఇచ్చింది పక్కకి నెట్టి, పచ్చిది తెచ్చుకుని నా పొయ్యి మీద వండుకున్నాను. గ్రంథానికి మంచి పేరొచ్చింది. ఆమెకి ఒక కాపీ పంపించాను, అంటే ఒట్టి గిన్నె ఇవ్వకూడదని పంచదార పోసి ఇచ్చాను.

థాయ్ రెస్టారెంటుకి వెళ్ళిన నెలకి కొయ్యూరు వెళ్ళాను. అప్ప లేదు, పోయి ఆరేళ్ళయిందట. కూతురు గుర్తుపట్టింది. నాకంటే రెండేళ్ళు పెద్దది. వాకిట్లో చాప మీద కొమ్ములు ఆరబెట్టి ఉన్నాయి. లోపల కూర ఉడుకుతున్న వాసన వస్తోంది. "కొమ్ముల కూర తినాలనుంది వదినా" అన్నాను. ఆమె ఒక్క నిమిషం నా మొహంలోకి చూసి, లోపలికెళ్ళి ఒక సంచి పట్టుకొచ్చింది. "పచ్చి కొమ్ములు. పట్టుకెళ్ళండి. మూడు నీళ్ళు పారబోసి మీరే వండుకోండి" అంది. మాటలో కోపం లేదు. మా సూత్రం వాళ్ళ ఇంట్లో ఒక తరం నుంచి ఇంకో తరానికి అందింది, అంతే. నేను సంచి తీసుకోలేదు, అక్కడే కూర్చుంటానన్నాను. ఆమె నవ్వి, బస్సు వెళ్ళిపోతుంది అంది. వంట పెట్టమని పట్టుబట్టే హక్కు నాకెక్కడిది? పెట్టడమూ మానడమూ ఆమె ఇష్టం. సంచి లేకుండానే వచ్చేశాను.

అందుకని ‘ఆదివాసీల ఇళ్ళకి వెళ్ళి భోంచేద్దాం రండి’ అని ముగించను. అదొక టూరిజం అవుతుంది, మనమే ఫోటో దిగి పెట్టుకుంటాం. నేను అడిగేది మన వంటింటి గురించి, అంటే మన పత్రికలు, మన డిపార్ట్‌మెంట్ల గురించి. ఎన్నేళ్ళుగా మనం ప్రత్యేక సంచికలు వేస్తున్నాం? వాటిలో ఆదివాసీ స్త్రీల పాటలున్నాయి, సామెతలున్నాయి, జీవితకథలు ఉన్నాయి, వంటకాలూ వస్తాయి. అన్నీ పచ్చివి. వాటిని ఎంచేదీ, ముందుమాట రాసేదీ, ‘స్వచ్ఛమైన గొంతు’ అని మెచ్చుకునేదీ మనం. మన కథల మీద ఒక బగత స్త్రీ రాసిన విమర్శ ఎప్పుడైనా వేశామా? మన సిద్ధాంతాలు ఎక్కడ చేదుగా ఉన్నాయో, ఇంకెన్ని నీళ్ళు పారబోయాలో చెప్పమని ఒక కొండదొర యువతిని సెమినార్‌కి పిలిచి, చివరి పావుగంట కాకుండా మొదటి గంట ఇచ్చామా? వాళ్ళలో ఇప్పుడు ఎంఏలు చేసినవాళ్ళున్నారు, టీచర్లున్నారు. ‘రాసేవాళ్ళు దొరకడం లేదు’ అని మనం అంటే, అది ఆ రెస్టారెంటు కుర్రాడి మాటే: ఇక్కడ దొరకవు, డబ్బాల్లో వస్తాయి.

వండినది తీసుకోవడమంటే అవతలి మనిషి తెలివినీ, తీర్పునీ తీసుకోవడం. అది మనకి రుచించకపోవచ్చు. కారం తగలొచ్చు, కళ్ళనీళ్ళు రావొచ్చు. అయినా పంక్తిలోంచి లేవకుండా తినాలి. తిన్న తర్వాత మన గిన్నె మనమే కడుక్కోవాలి.